పెళ్లి పందిట్లో పొట్టేలు గెంతిన రోజు

1998 వేసవి. హైటెక్ సిటీ మొదటి భవనానికి అప్పటికి అద్దాలు బిగిస్తూ ఉన్నారు. చుట్టూ రాళ్ల గుట్టలు, తవ్విపోసిన మట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంప్రెసర్ల మోత. ఆ హడావిడికి కూతవేటు దూరంలో మాదాపూర్ మాత్రం ఇంకా ఊరిలాగే ఉండేది. బర్రెలు రోడ్డు దాటుతుంటే సిమెంటు లారీలు ఆగి దారి ఇచ్చేవి.

నేను కరెంటు శాఖలో కేబుల్ జాయింటర్‌ని. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి, నగరంలోనే పని నేర్చుకున్నాను. కరెంటు పనంటే స్తంభం ఎక్కడమే అనుకుంటారు చాలామంది. మాది గుంతలోకి దిగే పని. కొత్త భవనాలకు పదకొండు వేల వోల్టుల కరెంటు భూమిలో వేసిన కేబుల్ ద్వారా వెళ్తుంది. తీగ తెగితే కంటికి కనబడుతుంది. కేబుల్ దెబ్బతింటే మాత్రం ఎక్కడ దెబ్బతిన్నదో పైనుంచి చూస్తే తెలియదు. దాన్ని వెతికి పట్టుకోవడం, కోసి మళ్లీ అతకడం మా బృందం పని.

ఆ రోజు పొద్దున్నే ఫీడర్ ట్రిప్ అయి కరెంటు పోయిందని కబురు వచ్చింది. ఫీడర్ అంటే సబ్‌స్టేషన్ నుంచి ఒక ప్రాంతానికి కరెంటు తీసుకెళ్లే లైను. ఈ ఫీడర్ మీదే కొత్త భవనాలూ ఉన్నాయి, మాదాపూర్ ఊరూ ఉంది. మా ఏఈ వసుంధర మేడం భీమవరం వైపు నుంచి వచ్చిన ఇంజనీరు. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది తిరగలేదు. "ఒకసారి కరెంటు వదిలి ఛార్జ్ చేసి చూడండి, నిలబడితే సరే" అని పైనుంచి ఫోన్ మీద ఫోన్ వస్తోంది. ఆమె మెగ్గర్ పెట్టించారు. కేబుల్ తొక్క గట్టిగా ఉందో లేదో చూపించే పరికరం అది. ముల్లు సున్నా మీద పడుకుంది, అంటే తొక్క ఎక్కడో చిరిగినట్టే.

"లేదండీ, ఛార్జ్ చేయను. ముందు ఫాల్ట్ ఎక్కడో తెలియనివ్వండి" అని ఆమె ఫోన్ పెట్టేశారు. "పదండి యాదగిరి గారూ."

సబ్‌స్టేషన్‌లో చేసిన పరీక్షలో చోటు సుమారుగా తెలిసింది, మాదాపూర్ ఊరి అంచున ఎక్కడో. సరిగ్గా ఎక్కడో తెలియాలంటే థంపర్ కావాలి. అది వ్యాన్‌లో పెట్టుకుని తిరిగే యంత్రం. కేబుల్ ఒక కొసన తగిలిస్తే కాసేపటికొకసారి పెద్ద వోల్టేజీ దెబ్బ వదులుతుంది. తొక్క చిరిగిన చోట ఆ దెబ్బ నేల కింద 'ధబ్' మని పేలుతుంది. నేల మీద మైకు ఆనించి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ చప్పుడును వెతుక్కుంటూ నడవాలి. చప్పుడు ఎక్కడ గట్టిగా వినిపిస్తే గుంత అక్కడే.

వ్యాన్‌ను, కేబుల్ కొస ఉన్న కొత్త భవనం ప్యానెల్ రూము దగ్గర పెట్టి, మా సలీం భాయ్‌ని దాని దగ్గర ఉంచాం. మేడం చేతిలో వాకీటాకీ. నేను రెండు చేతులూ పైకెత్తితే థంపర్ ఆపాలని అనుకున్నాం. ముందుగా దారి పొడుగునా నడిచి చూశాం. ఊరి మొదట్లో ఒక పెళ్లి ఇల్లు ఉంది. ఇంటి ముందు రోడ్డు వారగా షామియానా వేశారు. కేబుల్ దాని అంచు కిందుగానే వెళ్తుంది. కేబుల్ మీటరు లోతులో ఉంటుంది కాబట్టి షామియానా మేకులు అక్కడిదాకా దిగవు అనుకుని ముందుకు సాగాం.

పని మొదలుపెడితే ఏమీ వినిపించలేదు. అటు రాళ్లకు బెజ్జాలు వేసే మిషన్లు, ఇటు పెళ్లి బ్యాండు. మేడం వెళ్లి కాంట్రాక్టర్లతో మాట్లాడి మిషన్లు ఆపించారు. నేను పెళ్లింటికి పోయాను. పెళ్లికూతురి తండ్రి నర్సింహులు పాల వ్యాపారం చేసుకునే మనిషి. తలపాగా కట్టుకుని, చెమటలు కక్కుతూ తిరుగుతున్నాడు.

"అన్నా, జర సేపు బ్యాండు ఆపియ్యాలె" అన్నాను.

"ఏందన్నా, పెండ్లి పూట బ్యాండు ఆపుమంటున్నవు! చుట్టాలు ఏమనుకుంటరు?"

"కరెంటు ఎక్కడ వోయిందో చప్పుడును బట్టి దొరకవట్టాలె. మీ బోరు నడవాల్నా వద్దా?"

ఆ మాటకు ఆయన ఆలోచనలో పడ్డాడు. వంటకు నీళ్లు డ్రమ్ములో అడుగంటుతున్నాయి. లోపల్నుంచి పెళ్లికూతురు సుగుణ, పసుపు చీరలోనే గడపదాకా వచ్చింది. "ఆపుమను నాయినా. నీళ్లు లేకుంట అంతమందికి ఎట్ల వండుతరు?" అంది.

నర్సింహులు పందిట్లోకి పోయి గట్టిగా అరిచాడు. "అందరు సప్పుడు సెయ్యకుండ్రి! కరెంటోళ్లు ఇంటున్నరు!"

ఆ ప్రాంతంలో అంత నిశ్శబ్దం నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు. డ్రమ్ముల వాళ్లు కర్రలు చంకలో పెట్టుకున్నారు. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నారు. నేను మైకు నేలకు ఆనించుకుంటూ ఒక్కో అడుగు వేశాను. ధబ్. ఇంకో నాలుగడుగులు. ధబ్, ఈసారి దగ్గరగా. షామియానా వైపు నడిచేకొద్దీ చప్పుడు పెరుగుతోంది.

అప్పుడే జనం నవ్వడం మొదలుపెట్టారు. తలెత్తి చూశాను. షామియానా మూలన తాడు కట్టిన ఇనుప మేకుకు ఒక పొట్టేలు కట్టేసి ఉంది. మర్నాటి విందు కోసం తెచ్చిందట. మేం నడిచి చూసినప్పుడు అది అక్కడ లేదు. నా చెవుల్లో ధబ్ మన్నప్పుడల్లా అది నాలుగు కాళ్ల మీద ఎగిరి పడి బే బే అని అరుస్తోంది.

"పద్మా, దాని అరుపు బంజెయ్‌పియ్ బిడ్డా! వాళ్లకు ఇనవడదట" అని నర్సింహులు చిన్న కూతుర్ని పంపాడు. పదో తరగతి చదివే పిల్ల. తాడు విప్పడానికి వంగుతూ మేకు మీద చెయ్యి వెయ్యబోయింది.

నాకు ఒక్కసారిగా అర్థమైంది, ఆ మేకు కేబుల్‌ను తాకుతోంది. హెడ్‌ఫోన్ లాగి పారేసి, రెండు చేతులూ పైకెత్తి అరిచాను. "ముట్టకు! మేకు ముట్టకు! ఆడ్నే ఆగు!"

పిల్ల బెదిరిపోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. అంతలోనే ఇంకో దెబ్బ పడింది. పొట్టేలు ఎగిరి తాడుతో సహా వెనక్కి పడింది. మేకు చుట్టూ తడి నేల సన్నగా చిటపటలాడింది. అప్పటికే మేడం వాకీటాకీలో కేక వేశారు. "సలీం గారూ, ఆపండి, ఆపేయండి!"

"బంద్ కియా మేడమ్, బంద్ హై!"

రెండు కొసల్లోనూ కేబుల్‌ను ఎర్త్ చేయించి, లైన్ క్లియర్ తీసుకున్నాకే ఎవరినైనా అటు రానిచ్చాను. కేబుల్‌లో కరెంటు లేదు, ఇక పని చేయవచ్చు అని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతిని లైన్ క్లియర్ అంటాం. పద్మ తల్లిని పట్టుకుని ఏడుస్తోంది. నర్సింహులు నా మీదికి వచ్చాడు.

"నా ఇంట్ల పెండ్లి పెట్టుకుంటే నేలల కరెంటు ఇడుస్తరా? సప్పుడు సెయ్యకుమంటే సెయ్యలే. నా బిడ్డకేమన్న అయ్యుంటే?"

నేను నోరు తెరిచేలోపు మేడం ముందుకు వచ్చారు. "మీరన్నది నిజమేనండీ. నేలలోకి ఏం వదులుతున్నామో మేం మీకు చెప్పలేదు. ముందే చెప్పి ఉంటే పాపను అటు పంపేవారు కాదు." పద్మ తల నిమిరి, "భయపడిపోయావా అమ్మా? ఇప్పుడు ఏమీ లేదులే" అన్నారు.

ఆయన కోపం ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. తలపాగా సర్దుకుని, "ఇగ ఏం జెయ్యాలె చెప్పుండ్రి" అన్నాడు.

మేకు పీకి తవ్వాం. మూరెడు లోతులోనే పరుపు బండ తగిలింది. అక్కడ రాయి పగలక, కేబుల్‌ను బండ మీదే పరిచి మట్టి కప్పేశారు. ముందురోజు దిగ్గొట్టిన మేకు మొన తొక్కను చీల్చి ఆగిపోయింది. పొద్దున చల్లిన కల్లాపి నీళ్లు ఆ చీలికలోకి దిగాక లైను ట్రిప్ అయింది. పొట్టేలు మేకును తాకకపోయినా, తడి నేల మీద దాని ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దెబ్బ తగిలింది. అందుకే ఆ గెంతులు.

ఎవరో ట్రాక్టర్ తెచ్చి, మేకు పోయిన షామియానా మూల తాడును దాని ముందు కొక్కేనికి కట్టారు. అదృష్టం కొద్దీ కేబుల్‌కు అక్కడ కాస్త వదులు ఉంది. చెడిన ముక్క కోసేసి ఒక్క జాయింటుతో సరిపెట్టాం. రాగి కనెక్టర్లు నొక్కి, వాటిమీద వేడి చేస్తే బిగుసుకుపోయే గొట్టాలు తొడిగి, గ్యాస్ మంటతో మెల్లగా కాలుస్తూ పోవాలి. తొందరపడితే లోపల గాలి బుడగ మిగిలి మళ్లీ పేలుతుంది. నేను గుంతలో మంట తిప్పుతుంటే పైన బ్యాండు మళ్లీ మొదలైంది. అల్లంత దూరంలో సుగుణ పెళ్లి జరుగుతోంది. తలంబ్రాలు పోసేటప్పుడు ఎవరో ముసలమ్మ గుప్పెడు అక్షింతలు తెచ్చి మా గుంతలోకి కూడా చల్లింది. "మీరు గూడ సల్లగుండుండ్రి బిడ్డా" అంది. సలీం భాయ్ తలమీద పడిన బియ్యం గింజల్ని దులుపుకోకుండా అలాగే పని చేశాడు.

ఎండ తగ్గక ముందే కరెంటు నిలబడింది. బోరు మోటారు మోగగానే వంటవాళ్లు ఈల వేశారు. నర్సింహులు మమ్మల్ని బంతిలో కూర్చోబెట్టి పక్కనే నిలబడి వడ్డించాడు. మేడం ఇంకో బూరె వద్దంటే, "మా బిడ్డ తల నిమిరినవు తల్లీ, వద్దనకు" అన్నాడు.

పొట్టేలు ఒంటికి దెబ్బలేమీ తగల్లేదు. అత్తగారింటికి వెళ్లే ముందు సుగుణ తండ్రితో, "దాన్ని కొయ్యొద్దు నాయినా, అది గెంతవట్టే మేకుల కరెంటున్నదని ఎరుకైంది" అందట. మర్నాడు విందుకు కోళ్లు తెచ్చుకున్నారని తర్వాత తెలిసింది. ఆ తోవన వెళ్లినప్పుడల్లా నర్సింహులు బర్రెల మధ్య ఆ పొట్టేలు బలిసి, కొమ్ములు మెలితిరిగి కనిపించేది.

వసుంధర మేడం మర్నాడే మా బృందాన్ని కూర్చోబెట్టుకున్నారు. థంపర్ పెట్టేముందు దారిలో ఉన్న ప్రతి ఇంటికీ, ప్రతి గుడిసెకూ వెళ్లి ఏం చేయబోతున్నామో చెప్పాలని, పని అయ్యేదాకా ఆ తోవలో మన మనిషి నిలబడాలని నిర్ణయించారు. మౌనంగా ఉండమని జనాన్ని అడిగితే ఉంటారు. నేల కింద ఏం జరుగుతోందో చెబితే వాళ్ల పిల్లల్ని వాళ్లే కాపాడుకుంటారు. ఇది నాకు ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు, పద్మ చెయ్యి వెనక్కి లాక్కున్న ఆ క్షణం నేర్పింది.

తర్వాత ఆ ప్రాంతంలోని గుట్టలన్నీ భవనాలయ్యాయి, నేను వేసిన జాయింట్లు ఆ రోడ్ల కింద చాలానే ఉన్నాయి. ఒకసారి రాయదుర్గంలో ఫాల్ట్ వెతుకుతూ, దారిలో చాయ్ అమ్ముకునే ఆమెకు అంతా వివరంగా చెప్పాను. ఆమె స్టవ్ ఎత్తి పక్కన పెట్టి, పిల్లల్ని చంకనేసుకుని, గిరాకీలను కూడా అవతలికి తోలింది. పని అయ్యాక రోడ్డుకు అటువైపు నుంచే అడిగింది.

"అయిపాయెనా అన్నా? ఇగ నడవొచ్చునా?"

"నడవొచ్చమ్మా" అన్నాను. పిల్లలు ముందు పరుగెత్తారు, ఆమె స్టవ్ పట్టుకుని వెనకే వచ్చింది.