పనిముట్టులో పచ్చడి

ప్లోవ్‌దివ్ నగరంలో వెలిచ్కో రాసిన కంప్యూటర్ పనిముట్టు మనిషి రెప్పవేసేలోగా ఏడు లక్షల ఫైళ్లు వెతికిపెట్టేది. సరే, డెబ్బై వేలు అనుకోండి. రెప్ప కూడా కాస్త నిదానంగా వేయాలి.

కోడ్ రాసే ఎడిటర్లో ప్రాజెక్టు ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టి, అందులోని ఫైళ్లు చూపడం దాని పని. ఫైళ్లలో చేసిన పాత మార్పుల చరిత్రను గిట్ అనే పద్ధతిలో దాచుకున్నా, మెర్క్యూరియల్‌లో దాచుకున్నా దానికి ఒకటేనని వెలిచ్కో గొప్పగా చెప్పుకునేవాడు. ఆఫీసులో అందరిదీ గిట్. స్తాంకా ఒక్కతే పదిహేనేళ్ల పనిని మెర్క్యూరియల్‌లో ఉంచుకుంది.

మార్చి మొదటి వారం. అందరి ముందూ వెలిచ్కో తన కంప్యూటర్లో స్తాంకా ప్రాజెక్టు తెరిచాడు. జాబితా రావడానికి నలభై సెకన్లు పట్టింది.

"చూశారా, మెర్క్యూరియల్ మోత! శుక్రవారానికి బాగుపడకపోతే గిట్ ఒక్కటే తెలిసిన పనిముట్టుకి మారదాం," అన్నాడు తోటి ఉద్యోగి ఒగ్న్యాన్. "స్తాంకా అక్కా, నీ పాత సామాను సర్దుకో."

"నీ నోరు సర్దుకో ముందు!" అంది స్తాంకా.

ఒగ్న్యాన్ నవ్వు వెలిచ్కోకి నచ్చలేదు. నేను కాఫీకి వెళ్లినప్పుడు వీడే నా కోడ్‌లో వేలు పెట్టాడు అనుకున్నాడు. పాస్‌వర్డ్ మార్చాడు. అదీ చాలదనిపించి, వసంతం కోసం చేతికి కట్టుకున్న ఎరుపు తెలుపు దారం విప్పి సీటు వదిలిన ప్రతిసారీ కంప్యూటర్ మూతకు చుట్టి ముడివేసి, తిరిగొచ్చాక తనే విప్పేవాడు. ఇంకెవరు తెరిచినా దారం తెగాలి.

మూడు రోజులు గడిచాయి. దారం చెక్కుచెదరలేదు. జాబితా మాత్రం నలభై సెకన్లే. విప్పిన దారాన్ని కూడా అనుమానించి దగ్గరగా చూస్తుంటే, స్తాంకా అతని భుజం మీదుగా తెర వైపు వంగింది.

"నా ప్రాజెక్టులో మీ ఇంటి మిరప పచ్చడి ఎందుకుందయ్యా?"

జాబితాలో 'ల్యుతెనిత్సా కొలతలు' అన్న ఫైలు, ఆ పచ్చడిదే. వెలిచ్కో చెవులు ఎర్రబడ్డాయి. పచ్చడి కొలతలు మారినప్పుడల్లా గుర్తుంచుకోవడానికి తన కంప్యూటర్లో సొంత ఫైళ్లన్నీ ఉండే హోమ్ ఫోల్డర్ మొత్తానికీ తనే గిట్ తగిలించాడు. స్తాంకా ప్రాజెక్టు నకలు కూడా అందులోనే ఉంది. అతని పనిముట్టు ముందు పై ఫోల్డర్లన్నిటిదాకా గిట్ కోసమే వెతికేది. దొరకకపోతేనే మెర్క్యూరియల్‌ని పలకరించేది. అందుకే స్తాంకా ఫోల్డర్ దాటిపోయి, ఇల్లంతా ఒకే ప్రాజెక్టని లెక్కవేస్తోంది.

"అందరూ ఒకటేనన్నావు. నన్ను ఇన్నాళ్లూ రెండో వరసలో కూచోబెట్టావన్నమాట," అంది స్తాంకా.

వెలిచ్కో కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. గిట్‌దైనా మెర్క్యూరియల్‌దైనా ఏ గుర్తు దగ్గరగా ఉంటే అదే ప్రాజెక్టు అని ఆ మధ్యాహ్నమే మార్చాడు. శుక్రవారం స్తాంకా ఫైళ్లు ఒగ్న్యాన్ వాటితో సమానమైన వేగంతో వచ్చాయి. ఆమె చరిత్ర మెర్క్యూరియల్‌లో ఉన్నచోటే ఉంది.

ఈ కథ నిజమేనా అని వెలిచ్కోని అడిగి చూడండి.

"అంతా కల్పన. నేను దారం కట్టలేదు. నాకసలు పచ్చడి పెట్టడమే రాదు," అంటాడు.