సముద్రం పక్కన దారి తప్పిన మామయ్య

మామయ్య దారి తప్పుతాడు. అడవిలోనో ఎడారిలోనో అయితే అదేమంత విశేషం కాదు. మహామహా యాత్రికులే తప్పారు, తప్పినందుకు పుస్తకాలు రాసి పేరు కూడా తెచ్చుకున్నారు. మామయ్య మాత్రం తిన్నగా ఉన్న దారిలో తప్పుతాడు. ముప్పయ్యేళ్లు సర్వే ఆఫీసులో పటాలు గీసి, ఎవరి గట్టు ఎక్కడుందో చెప్పిన మనిషి, రిటైరైన ఏడాదికల్లా అత్తయ్యతో కూరల మార్కెట్టుకు వెళ్లే దారిలో నాలుగుచోట్ల ఆగి, "ఇదెక్కడికొచ్చాం?" అనడం మొదలుపెట్టాడు.

అలాంటివాణ్ణి ఆదివారం పూట సముద్రపు ఊరికి తీసుకెళ్లడం మేనకోడలి పొరపాటే. ఆమె పోస్టాఫీసులో గుమస్తా. సగం చిరునామా ఉన్న ఉత్తరాన్నైనా చేర్చగలదు గానీ, మామయ్యను చేర్చడం ఆమె తరం కాదు. ఏం చేస్తుంది, అత్తయ్య కోరిక! మోకాలి ఆపరేషనుకు ముందు ఆవిడ ఏటా కొండ కొసనున్న దీపస్తంభం దాకా నడిచేది. ఆపరేషనయ్యాక ఒకసారి బయల్దేరి, ఎవరో "పాపం, కాస్త కూర్చోండి" అన్నందుకు, "నావల్ల అందరికీ ఆలస్యం" అని సగం దారిలోంచి వెనక్కి తిరిగింది. ఈసారీ తిరిగిందంటే ఇక గడప దాటదు.

రైలు దిగగానే మేనకోడలి మొగుడు, బళ్లో డ్రిల్లు మాస్టారు, ఈల నోట్లో పెట్టుకున్నాడు. "రెండు గంటల్లో దీపస్తంభం! పదండి!"

దారి ఒక్కటే. కుడివైపు సముద్రం, ఎడమవైపు రాళ్ల గోడ. పావుగంట నడిచారో లేదో, మామయ్య పటం విప్పాడు.

"ఆగండి. దారి తప్పాం."

"ఎలా తప్పుతాం బాబాయిగారూ? ఉన్నదే ఒక్క దారి!" అన్నాడు మాస్టారు.

"సముద్రం కుడిపక్కన ఉండాలి నాయనా. ఎడంపక్కకి ఎలా వచ్చింది?"

"మీరు వెనక్కి తిరిగి నిలబడ్డారు."

"అదీ సంగతి! మరి ఉత్తరం ఎటు?"

ఉత్తరం తేలేసరికి పది నిమిషాలు పట్టింది. అత్తయ్య గోడమీద చతికిలబడి, "ఈ మనిషితో ఇన్నేళ్లు వేగినందుకు నాకెవరైనా పతకం ఇవ్వాలి" అంది. మెట్ల దగ్గర మళ్లీ తప్పాడు. అక్కడ "దీపస్తంభానికి దారి" అని గజమెత్తు అక్షరాలతో బోర్డుంటే, ఆ బోర్డునే అనుమానించాడు. "ఇది పెట్టినవాడు మా ఆఫీసువాడు కాదు." మాస్టారు ఈలను నమిలేస్తున్నాడు.

నాలుగోసారికి మేనకోడలికి ఒళ్లు మండింది. ఏదో అనబోతూ ఆయన కళ్లవైపు చూసింది. మామయ్య చూస్తున్నది పటాన్ని కాదు. పటం అంచుమీదుగా అత్తయ్య మోకాలిని చూస్తున్నాడు. ఆవిడ ఊపిరి కుదుటపడగానే, "ఆఁ, దొరికింది దారి" అని మడిచేశాడు. ఆలస్యమంతా తన నెత్తిన వేసుకుంటున్నాడన్నమాట, గడుసు ముసలాయన!

చివరి ఎత్తు దగ్గర అత్తయ్య కాలు తడబడింది. మామయ్య గబగబా పటం విప్పాడు. గాలి దాన్ని లాక్కుపోయి సముద్రంలో పారేసింది. వట్టి చేతులతో నిలబడ్డ ఆయన మొహం, మొదటిసారి, నిజంగా దారి తప్పినవాడి మొహంలా ఉంది.

"ఇక మీరు వెళ్లి రండమ్మా, నావల్ల..." అని అత్తయ్య మొదలుపెట్టింది.

"అయ్యో! దారి తప్పాం!" అని మేనకోడలు అరిచింది, వందడుగుల దూరంలో దీపస్తంభం నిలువెత్తున కనిపిస్తుండగా.

మాస్టారి నోట్లోంచి ఈల జారిపోయింది. అత్తయ్య పక్కనున్న రాయిమీద కూలబడి, "అంతా మేనమామ పోలిక! కళ్లెదుట కొండంత స్తంభం పెట్టుకుని దారి తప్పడమేమిటే?" అని అందుకుంది. ఆ తిట్లు సాంతం పూర్తయ్యేదాకా ఎవరూ కదల్లేదు. అప్పుడు ఆవిడ చీర దులుపుకుని లేచి, "నా వెనకాల రండి. మీ ఇద్దర్నీ నమ్ముకుంటే తెల్లారినట్టే" అంటూ అందరికంటే ముందు ఎక్కేసింది.