కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిన స్ఫటికం

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. చల్లదనం గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఒకటి, మా బాబాయికి అసలేమీ తెలియదని రెండోది. పీహెచ్‌డీ మూడో ఏట ఇలాంటి జబ్బు చేయడం మామూలే (నాకు కాస్త ముదిరింది). ఆ జబ్బును ఒక్క పూటలో కుదిర్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు మిరప పండించే మా బాబాయి, రెండోవారు గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ దగ్గర పనిచేసే హమాలీల ముఠా మేస్త్రి.

నా చదువంతా కందిబద్దంత స్ఫటికం మీద ఆధారపడి ఉండేది. ఎనిమిది నెలలు కొలిమి ముందు కాపలా కాసి పెంచుకున్నాను. దాన్ని సున్నాకి దిగువన రెండువందల డెబ్బై డిగ్రీలు దాటేదాకా చల్లబరిచే యంత్రం వేరే ఊళ్ళో ఉంది. ఆ యంత్రం దగ్గర వంతు కోసం ఆర్నెల్లు ఎదురుచూశాను. ఇప్పుడు తప్పితే నా ఫెలోషిప్పు గడువు లోపల మళ్ళీ దొరకదు. దారిలో ఒక్కరోజు ఇంట్లో ఉండి, మర్నాడు సాయంత్రం గుంటూరులో రైలెక్కాలని వచ్చాను. మండు వేసవి. స్ఫటికాన్ని దూదిలో చుట్టి, పిన్ని ఇచ్చిన ఇత్తడి కుంకుమభరిణెలో పెట్టాను.

భోజనాల దగ్గర బాబాయి, "ఏందమ్మా అందులో, గాజుపెంకా?" అన్నాడు. అంతే, నేను పాఠం మొదలుపెట్టేశాను. "యిటర్బియం అని ఒక లోహం బాబాయ్. దాని పరమాణువులు ఒక్కొక్కటీ బుల్లి అయస్కాంతం. ముక్కోణం మూలల్లో మూడు కూర్చుంటాయి. పక్కదానికి ఎదురుతిరగడమే ప్రతిదాని పట్టుదల. రెండు ఎడమొహం పెడమొహం అయ్యాక మూడోది ఎటు తిరిగినా ఎవరో ఒకరితో కలవాల్సిందేగా. అందుకని ఎప్పటికీ కుదురుకోవు." బాబాయి ముద్ద ఆపి ఆలోచించాడు. "దీనికి పరిశోధనెందుకమ్మా? మా ముగ్గురన్నదమ్ముల పెళ్ళాలూ ఒకే వంటింట్లో ఉన్నప్పుడు..." అనేలోపు పిన్ని పులుసు గరిటెతో వచ్చింది. మాట మింగేశాడు. నేను ఊరుకుంటే బాగుండేది. "బాగా చల్లగా ఉంటేగానీ దీని అసలు గుణం తెలియదు బాబాయ్" అని ముగించాను.

మర్నాడు లేచి చూస్తే భరిణె లేదు. "భద్రంగా పంపించానమ్మా" అన్నాడు బాబాయి, మెచ్చుకుంటానేమో అన్నట్టు చూస్తూ. "ఈ ఎండకి మిరపకాయలకే రంగూ ఘాటూ దిగిపోతయ్యి, నీ రాయి గుణం పోదూ? గుంటూరు ముఠావాళ్ళు వచ్చి కుట్టి పెట్టిన టిక్కీ ఒకటి విప్పి, నడిమధ్యన పెట్టి నేనే కుట్టేశా. పొద్దున్నే ట్రాక్టర్లో కోల్డ్ స్టోరేజీకి పోయింది." టిక్కీ అంటే మిరపకాయల బస్తా. వెళ్ళినవి నలభై. ఏ బస్తాలో పెట్టాడో ఆయనకి గుర్తులేదు.

మోటార్‌సైకిల్ మీద గుంటూరు చేరేదాకా ఆయన మీద అరుస్తూనే ఉన్నాను. కోల్డ్ స్టోరేజీ ముందు మా బస్తాలు ఇంకా బయటే ఉన్నాయి. నేను బ్యాగులోంచి అయస్కాంతం తీసి బస్తా బస్తాకీ ఆనించడం మొదలుపెట్టాను. ఇత్తడి అయస్కాంతానికి అంటదు, ఆ స్ఫటికం మామూలు వేడిలో దాదాపు చలించదు (ఈ ముక్క నేనే ఒక వ్యాసంలో రాశాను, ఆ కంగారులో గుర్తురాలేదు). గంటసేపు తుమ్మీ తుమ్మీ, అయస్కాంతానికి అంటుకున్న ఒక గోనెసూది సంపాదించాను. బాబాయి మెట్టు మీద కూర్చుని, "నీ చదువు పాడుచేశానా అమ్మా?" అన్నాడు. ఆ గొంతు విన్నాక నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మేస్త్రి గారు వచ్చి విషయం విన్నారు. బస్తాల వరస చుట్టూ ఒకసారి తిరిగి, ఒకదాని మీద చెయ్యి వేశారు. "మావోళ్ళు ఎప్పుడూ బస్తా ఎడమచెవి మూల కాడ కుట్టు మొదలుపెడతారు పాపా. ఇదెవరో కుడిచెవి కాణ్ణించి కుట్టారు. అదీ ఏడుపు కుట్టు." విప్పితే నడిమధ్యన భరిణె ఉంది. ఆయన స్ఫటికాన్ని ఎండలో చూసి, "ఇంతదానికా ఈ గోలంతా!" అని నవ్వి, "రైలు తప్పుద్ది, పో తల్లీ" అన్నారు. పేరైనా అడగకుండా పరిగెత్తాను.

రైలు అందింది. ఆ ఊళ్ళో భరిణె మూత తీయగానే యంత్రం చూసుకునే పెద్దమనిషి పదకొండుసార్లు తుమ్మాడు. కొలతలు మాత్రం బంగారంలా వచ్చాయి. డాక్టరేటు వచ్చాక బాబాయి, "ఆఖరికి అవి కుదురుకున్నయ్యా?" అని అడిగాడు. "లేదు బాబాయ్, ఎంత చల్లబరిచినా కుదురుకోలేదు" అన్నాను. "అయ్యో! మరి నీకు పట్టా ఎట్లా ఇచ్చారమ్మా?" అని నిజంగానే బాధపడ్డాడు.

నా థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ ఉంది. గైడు గారికి, మిత్రులకి, చివరికి ఆ యంత్రానికి కూడా ధన్యవాదాలు చెప్పాను. బాబాయి పేరు లేదు, మేస్త్రి ఊసు లేదు. అంత తెలివిగలదాన్ని అప్పట్లో! ఇప్పుడు ఆ భరిణె నా బల్ల మీద ఉంటుంది. మూత తీస్తే ఇంకా తుమ్ము వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆ ఇద్దరికీ దణ్ణం పెట్టుకుంటాను. మొన్న ఒక విద్యార్థిని తన థీసిస్ దిద్దమని తెచ్చింది. లెక్కల జోలికి పోకుండా ముందు కృతజ్ఞతల పేజీ తీసి, "ఇంట్లోవాళ్ళ పేర్లు ఏవమ్మా?" అని అడిగాను.