తాళం వేస్తే పలికే చెవి

ఆ వీధిలో రెండు న్యాయస్థానాలున్నాయి. ఒకటి ప్రభుత్వం కట్టించింది. అక్కడ తీర్పు రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. రెండోది కళ్లజోళ్ల దుకాణానికీ జిరాక్సు దుకాణానికీ మధ్య, నిండా తలుపంత వెడల్పు కూడా లేని గదిలో నడుస్తుంది. అక్కడ మాత్రం సరిగ్గా పదిహేనో రోజున తీర్పు వచ్చి తీరుతుంది. ఆ గది బయట రేకుతో చేసిన పెద్ద తాళంచెవి వేలాడుతూ ఉంటుంది. దాని మీద ఎర్ర రంగుతో ‘ఇచ్చట చెవులు చేయబడును’ అని రాసి ఉంటుంది.

లోపల కూర్చునే తాళాలాయనకు యాభై ఎనిమిదేళ్లు. వృత్తి తాళాలు తీయడం, ప్రవృత్తి తీర్పులు చెప్పడం. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వస్తువులు తెప్పించి, వాడి చూసి, వాటి గుణదోషాలను లోకానికి తెలియజేయడం ఆయన తనకు తానే అప్పగించుకున్న బాధ్యత. ఖరీదైన వస్తువును పొగడటానికి కొన్నవాడి గొప్పలే చాలు, పాపం చవక వస్తువుకు దిక్కెవరని ఆయన వాదన. మొదటిరోజు మరలు విప్పి లోపల చూస్తాడు. పద్నాలుగు రోజులు వాడతాడు. పదిహేనో రోజున గొంతు సవరించుకుని ఫోనుకు తీర్పు చెబితే అది రాసుకుంటుంది.

మెడకు తగిలించుకునే ఫ్యాను గురించి: ‘గాలి వస్తుంది. అయితే మనం అడిగిన చోటుకు కాదు, దానికి తోచిన చోటుకు. గడ్డం కింద ఎండాకాలం, మెడ వెనక చలికాలం. అయిదింటికి మూడు చుక్కలు.’ ఫోను నిలబెట్టే స్టాండు గురించి: ‘ఫోను పెట్టనంతసేపు చక్కగా నిలబడుతుంది. రెండు చుక్కలు.’ తలకు కట్టుకునే టార్చి గురించి: ‘వెలుతురు అమోఘం. మీట ఎక్కడుందో వెతకడానికే ఇంకో టార్చి కావాలి.’ అయిదు చుక్కలు ఇంతవరకూ ఏ వస్తువుకూ దక్కలేదు. అయిదు ఇస్తే ఆ వస్తువు చెడిపోతుందని ఆయన భయం, మనుషుల్లో చూశాడు కనుక.

ఈ పార్శిళ్లు తెచ్చేది సాక్షాత్తూ ఆయన బావమరిదే. ఆ పేటకంతటికీ డెలివరీ అతనే చేస్తాడు. “బావా, ముద్దాయిని తెచ్చా, సంతకం పెట్టు” అంటూ పెట్టె అందించడం అతనికి అలవాటు.

ఏడాదిగా మాత్రం న్యాయస్థానం ధోరణి మారింది. ముఖ్యంగా మోగే వస్తువుల మీద కరుకుదనం పెరిగింది. అలారం గడియారానికి ఒక్క చుక్క: ‘మోగడం తప్ప అన్నీ చేస్తుంది.’ వంటింట్లో నిమిషాలు లెక్కపెట్టే యంత్రానికి ఒక్క చుక్క: ‘మౌనవ్రతం పట్టింది. ఉడకబెట్టిన గుడ్లు గోళీలయ్యాయి.’ వీధి తలుపు బెల్లుకు అదీ దండగే: ‘ఎవరో వచ్చారన్న సంగతి వచ్చినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.’ ఈ మధ్య మోతలు తయారుచేసేవాళ్లలో నీతీ నియమం లేకుండా పోయాయని ఆయన భార్యతో అన్నాడు. ఆవిడ పెద్దాసుపత్రిలో ఫోన్లు కలిపే ఉద్యోగి. రోజంతా మాట్లాడి వస్తుంది కనుక ఇంట్లో మాటలు పొదుపు. ఆయన మొహంలోకి ఓసారి చూసి, పనిలో పడింది.

అసలు సంగతి ఆయనకు తెలియకపోలేదు. తెలిసిన సంగతిని తెలియనట్టు దాచుకోవడంలో ఆయన తన తాళాలన్నిటికన్నా గట్టివాడు.

ఆయన పేరంతా చెవి మీదే నిలబడింది. చెవి పోయిన పెట్టె దగ్గరికి పిలిస్తే ముందు ఫ్యాను ఆపించేవాడు. తర్వాత కళ్లు మూసుకుని, ఇనుముకు చెవి ఆనించి, సన్నని ఊచతో లోపలి మీటలను ఒక్కొక్కటిగా తడిమేవాడు. ఒక్కో మీట ఒదిగినప్పుడు చీమ తుమ్మినంత చప్పుడవుతుంది. అది వినగలిగినవాడు ఈ చుట్టుపక్కల ఆయన ఒక్కడే. చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు. కానీ పోయిన ఏడాది చలికాలం నుంచి ఆ చీమ తుమ్మడం మానేసింది. ఆయన మాత్రం చెవి ఆనిస్తూనే ఉన్నాడు. తాళాలు ఎలాగో తెరుచుకుంటూనే ఉన్నాయి. పాత పుణ్యం మీద బండి నడుస్తోందనీ, అది అయిపోయిన రోజు నలుగురిలో నవ్వులపాలవుతాననీ లోపల్లోపల గుబులు.

ఆ రోజు రానే వచ్చినట్టు కనబడింది. ఆ వీధి బడి పెద్ద టీచరు ఒక బుధవారం స్వయంగా దుకాణానికి వచ్చింది. బడిలో ఇనుప బీరువా చెవి పోయిందట. పెద్ద తరగతి పిల్లల సర్టిఫికెట్లన్నీ అందులోనే ఉన్నాయి. మంగళవారం పిల్లలు కాలేజీల్లో చేరాలి. సోమవారం వచ్చి తీసిపెట్టమంది. తీయలేకపోతే వీధి చివర కొత్తగా కొట్టు పెట్టిన డ్రిల్లింగు ఆయన వచ్చి తాళానికి బెజ్జం వేస్తానన్నాడట. బీరువా బడికన్నా పాతది, బెజ్జం వేయడానికి మనసొప్పడం లేదు, మీ చెవి ఉండగా మాకు దిగులెందుకని చెప్పి వెళ్లింది.

ఆవిడ గుమ్మం దాటగానే ఆయన ఫోను తీసి, పక్క దుకాణానికి వినబడకుండా గుసగుసగా, “చెవి పోయినవాళ్లకు చవక యంత్రం” అన్నాడు. ఫోను వెంటనే ఒక తెల్లటి గుండీలాంటి వస్తువును చూపించింది. ఎవరో యంత్రం చేత తెలుగు చేయించిన వివరణ కింద ఉంది: ‘మీ చెవి పోయిందా? దిగులు వద్దు. తాళం వేస్తే చాలు, వంద అడుగుల దూరం నుంచైనా వినిపిస్తుంది.’

ఆయన రెండుసార్లు చదివాడు. కళ్లు చెమర్చాయి. తాళం వేసిన చప్పుడు వంద అడుగుల నుంచి వినిపించే పరికరం. అంటే తాళాలు తీసేవాళ్ల కోసమే, తనలాంటివాళ్ల బాధ తెలిసిన ఏ మహానుభావుడో చేసి ఉంటాడు. తనకు కావలసింది అంగుళం దూరమే. రోజుకు నలభై చెవులు అరగదీసే మనిషికి ఆ ఒక్కరోజు చెవి అంటే తలకున్న చెవి తప్ప మరొకటి తోచలేదు. దొంగ మనసు అలాంటిది.

ఆదివారం మధ్యాహ్నం పెట్టె ఇంటికి వచ్చింది. బావమరిది చాలాసేపు బెల్లు నొక్కి, లాభం లేదని కిటికీలోంచి కేకేశాడు. ఆయన పెట్టె పుచ్చుకుని, ఈసారి ముద్దాయి ఎవరో చూపించమన్నా చూపించకుండా వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

ముందు గుండీని కుడిచెవిలో పెట్టి చూశాడు. పట్టలేదు. ఎడమచెవి కూడా ఒప్పుకోలేదు. దానికో ఇనుప రింగు ఉంది, బహుశా చెవికి వేలాడదీయాలేమో. కూడా వచ్చిన కాగితంలో చప్పట్లు కొడుతున్న రెండు చేతుల బొమ్మ ఉంది. యంత్రాన్ని నిద్ర లేపడానికి కాబోలు. గుండీని ఒళ్లో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. ఏమీ వినబడలేదు. గట్టిగా కొట్టాడు. లేచి నిలబడి, సభలో ముఖ్య అతిథికి కొట్టినట్టు కొట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. పదిహేను రోజుల నియమం పక్కనపెట్టి అప్పటికప్పుడే తీర్పు చెప్పేయాలన్నంత కోపం వచ్చి తలెత్తాడు.

గుమ్మంలో భార్య నిలబడి ఉంది. రెండు చెవులూ చేతులతో మూసుకుని ఉంది.

ఆయన చప్పట్లు కొట్టినప్పుడల్లా ఆ గుండీ ఇల్లు ఎగిరిపోయేలా కీచుమంటోంది. ఎదురింటివాళ్లు కిటికీ తెరిచి చూస్తున్నారు. ఆ మోత నడుమ మోత రాలేదని దిగులుపడుతున్న భర్తను ఆవిడ కాసేపు అలాగే చూసింది. తర్వాత వచ్చి గుండీని చేతిలోకి తీసుకుంది.

“చెడిపోయిన సరుకు. ఎంత కొట్టినా పలకదు” అన్నాడు ఆయన.

ఆవిడ ఏదో నొక్కి, గుండీని పిడికిట్లో పట్టుకుని ఆయన ముందుకు చాపింది. “ఇప్పుడు మోగుతోందా?”

ముప్పై ఏళ్లు కాపురం చేసినవాడు ఆ ప్రశ్నలో మెలిక ఉందని పసిగట్టాలి. కంగారులో పసిగట్టలేదు. “ఆ, ఇప్పుడు మోగుతోంది. సన్నగా” అన్నాడు.

“ఇప్పుడే ఆపానండీ.”

ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు. ఆవిడ పక్కన కూర్చుని ఫోనులో వివరణ చదివింది. చదువుతూ చదువుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. “ఇది తాళంచెవికి కట్టుకునేదండీ. చెవి ఎక్కడో పెట్టి మరిచిపోతే చప్పట్లు కొట్టాలి, ఇది పలుకుతుంది. తాళం వేయడమంటే చప్పట్లు. చెవుల కొట్టు పెట్టుకుని మీకే తెలియకపోతే ఎలా?”

ఆయనకూ నవ్వొచ్చింది కానీ సగంలోనే ఆగిపోయింది. “నలుగురికీ తెలిస్తే ఇంకెవరొస్తారే కొట్టుకి? నా పనంతా చెవి మీదే కదా. రేపు బడిలో అందరి ముందూ...” అన్నాడు.

“ఎప్పట్నుంచి వినబడట్లేదు?”

“పోయినేడు చలికాలం నుంచి.”

“అప్పట్నుంచి మీరు తీయలేకపోయిన తాళాలెన్ని?”

ఆయన ఆలోచించాడు. చాలాసేపే ఆలోచించాడు. “ఒకటి. పాల డిపోది. అది తాళం కాదు, తుప్పు ముద్ద.”

“మరి మిగతావన్నీ ఎవరు విన్నారండీ?”

జవాబు కోసం ఆయన గోడకేసి చూశాడు, చూరుకేసి చూశాడు, చివరికి తన చేతుల్లోకి చూసుకున్నాడు. ముప్పై అయిదేళ్లుగా ఆకురాయి పట్టి కాయలు కాసిన వేళ్లు. పేరు ఎప్పుడూ చెవికే వెళ్లింది, వాటిని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

“రోజుకు ముప్పై ఫోన్లు చెవుల డాక్టరుకి కలుపుతాను. మన ఇంటి ఫోను ఎప్పుడు కలుపుతానా అని ఏడాదిగా చూస్తున్నా” అంది ఆవిడ. మంగళవారం డాక్టరు దగ్గరికి వస్తానని మాట తీసుకుంది.

సోమవారం బడి ఆఫీసు గదిలో సభ తీరినట్టుంది. పెద్ద టీచరు, ఇద్దరు గుమాస్తాలు, గోడవారగా మిషను ఒళ్లో పెట్టుకుని టీ తాగుతున్న డ్రిల్లింగు ఆయన. తాళాలాయన రాగానే గుమాస్తా వెళ్లి భక్తిగా ఫ్యాను ఆపాడు. ఆయన దాన్ని మళ్లీ వేయమన్నాడు. మాట్లాడుకునేవాళ్లు మాట్లాడుకోవచ్చన్నాడు.

“మరి మీకు వినబడొద్దూ?” అంది పెద్ద టీచరు.

నాలుక మీదికి వచ్చిన అబద్ధాన్ని ఆయన మింగేశాడు. “నాకెలాగూ వినబడదమ్మా. ఏడాదైంది. వేళ్లు చూసుకుంటాయి.”

డ్రిల్లింగు ఆయన టీ గ్లాసు కింద పెట్టి, వైరు విప్పడం మొదలుపెట్టాడు.

అయిదు మీటల తాళం అది. మొదటిది సులువుగా ఒదిగింది. రెండోది, మూడోది కాసేపు బెట్టు చేశాయి. నాలుగోది ఒదిగేవేళకు తెలియకుండానే తల బీరువా వైపు వంగింది. చెవి ఇనుముకు తగలబోయి ఆగింది, కానీ చెయ్యి కదిలి నాలుగు మీటలూ జారిపోయాయి. ఎవరో నిట్టూర్చారు. ఆయనకు అది వినబడలేదు. వినబడకపోవడం వల్ల ఒక లాభం ఉందని ఆయనకు మొదటిసారి అర్థమైంది. నిటారుగా కూర్చుని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి వేళ్లు చెప్పేది చెవికి చేరవేయకుండా నేరుగా విన్నాడు. ప్రతి మీటా ఒదిగే ముందు ఊచ చివర ఒక చిన్న వణుకు పుడుతోంది, నిద్రపోతున్న పిల్లి తోక కదిపినట్టు. అది ఎప్పుడూ ఉన్నదే, తాను పట్టించుకోనిదే. నాలుగు. అయిదు. బీరువా పిడి తనంతట తానే కిందికి వాలింది.

పెద్ద టీచరు సర్టిఫికెట్ల కట్టను గుండెకు హత్తుకుంది. డ్రిల్లింగు ఆయన విప్పిన వైరును మళ్లీ చుట్టుకుంటూ దగ్గరికొచ్చి, ఎందుకైనా మంచిదని గట్టిగా, “పెద్దాయనా, ఆ వేళ్ల సంగతి నాకూ కాస్త నేర్పకూడదూ?” అన్నాడు. ఆయన తన గుబులన్నిటిలో ఊహించని మాట అదొక్కటే.

మంగళవారం డాక్టరు పరీక్ష చేసి, ముప్పై అయిదేళ్లు చెవులు సానపట్టిన మిషను మోత తన పని తాను చేసిందన్నాడు. సన్నని కీచు శబ్దాలే పోయాయట, మిగతావి చాలావరకు పదిలమట. ఇకమీదట మిషను దగ్గర చెవులు మూసుకోమని చెప్పి, కొలతలు తీసుకుని, చెవి వెనక పెట్టుకునే అసలైన యంత్రం ఇప్పించాడు. దాని మీద తీర్పు నియమం ప్రకారం పదిహేనో రోజున వెలువడింది: ‘వినబడుతుంది. కళ్లజోడు పెట్టుకునేటప్పుడు దారికి అడ్డం వస్తుంది. నాలుగు చుక్కలు.’

కానీ ఆ లోపే ఆయనకు నిద్ర పట్టని చిక్కు ఒకటి వచ్చిపడింది. అటక మీంచి అలారం గడియారం దింపి మీట తిప్పితే అది బ్రహ్మాండంగా మోగింది. నిమిషాల యంత్రం మోగింది. న్యాయస్థాన చరిత్రలో ఎన్నడూ లేని విధంగా నిర్దోషులకు శిక్ష పడింది. ఆయన ఒక్కొక్క కేసునూ తిరగదోడాడు.

బావమరిది ఇంకో పార్శిలుతో వచ్చాడు. అలవాటుగా బెల్లు నొక్కి, అలవాటుగా కిటికీ వైపు నడవబోయాడు. తలుపు తెరుచుకుంది.

“ఎవరు తీశారు?” అన్నాడు బిత్తరపోయి.

“ఒక్కసారి నొక్కితే చాలురా. చెవులు చిల్లులు పడుతున్నాయి” అన్నాడు ఆయన.

ఆ సాయంత్రమే బెల్లు తీర్పు మారింది: ‘ఇది మొదట్నుంచీ మోగుతూనే ఉంది. వినాల్సినవాడు ఆలస్యంగా వచ్చాడు. న్యాయస్థానం చింతిస్తోంది. నాలుగు చుక్కలు. అయిదోది ఇవ్వకపోవడానికి కారణం, పాట బాగాలేదు. ఆ సంగతి ఇప్పుడే తెలిసింది.’