బడ్జ్ బడ్జ్ ఘాట్‌లో పడవలోంచి గాలి తోడిన పొద్దు

బడ్జ్ బడ్జ్‌కు అందరూ నది చూడటానికి వెళ్తారు. నేను నా చేత్తో బిగించిన తప్పును విప్పి తెచ్చుకోవడానికి వెళ్లాను. ఖిదిర్‌పూర్‌లో బళ్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. నాకెవరూ నేర్పలేదు, పాడైన మోటార్లు విప్పి, ఫోన్లో చదివి నేర్చుకున్నాను. కిందటి చలికాలం సింహాచలం మావ పడవ ఇంజిన్‌కు ఒక పాత వ్యాన్ స్టార్టర్ బిగించాను. జూట్ మిల్లు మానేశాక ఆయనకు పడవే బతుకు, భుజం పాడై ఇంజిన్ లేపే హ్యాండిల్ తిప్పలేకపోతున్నాడు. డీజిల్ ఇంజినే కదా, స్టార్టర్ అంటే స్టార్టరే అన్నాను. ఆ మాట అన్న నోటిని ఏం చేయాలో ఇప్పటికీ తెలియదు.

మొన్న శనివారం సాయంత్రం మావ ఫోటో పంపాడు. పడవ అడుగున, ఇంజిన్ పక్కనే, కొత్త గ్యాస్ పొయ్యి, సిలిండర్. రేపు పన్నెండు మంది పిక్నిక్‌కు ఎక్కుతున్నారట. వంటగ్యాస్ గాలి కన్నా బరువు, కారితే పడవ అడుగున నీళ్లలా నిలుస్తుంది. బళ్ల స్టార్టర్ తిరిగిన ప్రతిసారీ లోపల నిప్పురవ్వలు లేస్తాయి, దాని ఒంటికి సందులుంటాయి. పడవల కోసం చేసినది చూడటానికి అలాగే ఉంటుంది కానీ, రవ్వ బయటి గ్యాస్‌ను అంటించకుండా మూసి ఉంటుంది. ఫోన్ చేస్తే మావది స్విచాఫ్.

తెల్లవారుజామున మాజేర్‌హాట్‌లో లోకల్ రైలు ఎక్కాను. టికెట్ పది రూపాయల లోపే, ప్రయాణం ముప్పావుగంట. కిటికీ బయట పొగమంచు తప్ప ఏమీ లేదు. స్టేషన్లు దగ్గరకొచ్చి, పేరు చూపించి, మళ్లీ తెల్లదనంలోకి జారిపోయాయి. ఆయిల్ డిపో ట్యాంకులు నేల మీద దిగిన చంద్రుల్లా కనిపించాయి. అంత అందం చూస్తూ కూడా పళ్లు కొరుక్కుంటూనే కూర్చున్నాను. స్టేషన్ నుంచి ఘాట్‌కు టోటోలో, అంటే బ్యాటరీ రిక్షాలో, పదిహేను రూపాయలు.

నా ఒళ్లో పానాల సంచి చూసి డ్రైవర్ నవ్వాడు. "ఏం దాదా, సామానుతో పిక్నిక్కా?"

"పిక్నిక్ ఆపడానికి. తొందరగా పోనీ."

ఘాట్‌లో పడవ మంచు మీద తేలుతున్నట్టుంది. నరసమ్మత్త పైన కూర్చుని ఉల్లిపాయలు కోస్తోంది. మావ కిందికి దిగి స్టార్టర్ స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"మావా, చెయ్యి తియ్యి."

"ఏట్రా, పలకరింపు నేదా? డీజిల్ ఇంజినుకి భయమేటి? నువ్వే సెప్పినావు కదా."

"నేనే చెప్పాను. తప్పు చెప్పాను. తియ్యి."

మోకాళ్ల మీద వంగి అడుగు చెక్కల సందులో ముక్కు పెట్టాను. ఉల్లి వాసన, డీజిల్ వాసన, వాటి కింద చల్లగా గ్యాస్. టీ కాచాక పొయ్యి ఆపారు కానీ సిలిండర్ వాల్వు మూయలేదు, పైపు అతుకు దగ్గర కారుతోంది. చెయ్యి బ్యాటరీ వైరు మీదికి పోయి ఆగింది. ఆ వైరు పీకినా రవ్వ లేస్తుంది. ముందు సిలిండర్ వాల్వు మూసి, దాన్ని గట్టు మీదికి మోసి, అడుగు చెక్కలన్నీ లేపాను. తర్వాత మావకు సంగతి చెప్పి, ప్లాస్టిక్ బకెట్లు తీసుకుని ఇద్దరం అడుగు నుంచి గాలిని తోడి నదిలో పొయ్యడం మొదలుపెట్టాం. బకెట్‌లో ఏమీ కనబడదు. ఏమీ లేనిదాన్ని నది నిశ్శబ్దంగా తీసుకుంది.

"ఏటి తోడతన్నారు ఇద్దరూ, మంచా?" అంది అత్త.

"సావులోంచి మనల్నే తోడతన్నాడే," అన్నాడు మావ. బకెట్ మాత్రం ఆపలేదు.

గంటన్నర తోడి, గాలాడనిచ్చి, వాసన పూర్తిగా పోయాకే బ్యాటరీ వైర్లు తీసి స్టార్టర్ విప్పాను. ఈలోగా వచ్చిన పన్నెండు మందీ గట్టు మీద టీలు తాగుతూ మమ్మల్ని చూసి నవ్వారు. ఎందుకు తోడుతున్నామో చెప్పాక ఒకాయన గ్లాసు కింద పెట్టేశాడు. వంట గట్టు మీదే అయింది. మావ పాత హ్యాండిల్ తీసి భుజం తడుముకున్నాడు. నేను హ్యాండిల్ లాక్కున్నాను. ఆ రోజంతా ఎక్కడ ఆగినా నేనే తిప్పి ఇంజిన్ లేపాను. మధ్యాహ్నం మంచు విడిపోయి, నది వెడల్పంతా వెండిలా పరుచుకుంటే, అరచేతులు బొబ్బలెక్కినా, ఆ రోజు మొదటిసారి నా మీద నాకు కోపం లేదు.

సాయంత్రం రైల్లో స్టార్టర్‌ను ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను. మంచి సరుకే, వ్యాన్‌లో అయితే ఇంకా పదేళ్లు తిరుగుతుంది. పడవకు తగినది వెతికి తెచ్చేదాకా ప్రతి ఆదివారం హ్యాండిల్ నాదేనని మావకు చెప్పాను. తగినది బిగించినా సిలిండర్ మళ్లీ కిందికి దిగకూడదని కూడా చెప్పాను. "అయితే ఆదివారం తెల్లారకముందే రా," అన్నాడు, అంతే.

మీరు పడవ మాట్లాడుకునేటప్పుడు భోజనంలో ఏముందో తర్వాత అడగండి. ముందు సిలిండర్ ఎక్కడుందో అడగండి. కింద, ఇంజిన్ పక్కన అంటే, దాన్ని గట్టుకు చేర్చి, అడుగు చెక్క లేపి వాసన చూశాకే ఇంజిన్ లేపమనండి. నవ్వితే నవ్వనివ్వండి.