చెల్లె చేపల కత్తికి ఇత్తడి అడ్డు

మా చెల్లె మిర్యాలగూడలో చేపలు కోసి అమ్ముతుంది. మొన్నటి వానాకాలంలో పెద్ద బొచ్చె చేపను కోస్తుంటే జిడ్డుకు చెయ్యి జారి, పిడి మీద ఉండాల్సిన చూపుడువేలు కత్తి పదును మీదికి పోయింది. దవాఖానలో కుట్లు వేశారు. గాయమైతే మానింది గానీ భయం మానలేదు. కత్తి పట్టుకుంటే చాలు, వేలు దానంతట అదే ముడుచుకుపోయేదట. దుకాణం పక్కామెకు ఇచ్చేసి నాట్లకు పోతానని ఫోన్ చేసింది. చేపకూ మనిషికీ సమానంగా కబుర్లు చెప్పే పిల్ల, వంగి నాట్లేస్తే ఏ చేపతో మాట్లాడుతుంది? నాకు మనసొప్పలేదు.

మా ఆయన సూర్యాపేటలో కమ్మరి, కత్తులు చేతితోనే చేస్తాడు.

"పిడికి ముందట ఒక అడ్డు పెడితే వేలు ఆగిపోతది గద," అన్నాను.

"ఇన్నేండ్లల్ల ఎవ్వలడగలే."

"నేనడుగుతున్న."

పని మీద కోదాడ పోయినప్పుడు పాత సామాన్ల దుకాణంలో ఇత్తడి ముక్క ఏరుకొచ్చాడు. ఇత్తడికి చేపల నీళ్లతో తుప్పు రాదు. మరదలి కోసమని చెప్తే ఆ దుకాణపాయన, "మరదలికి ఇత్తడితో సరిపెడుతున్నారేంటండీ?" అన్నాడట. ఇంటికొచ్చాక కూడా ఆ మాటకు నవ్వుతూనే ఉన్నాడు.

అడ్డు ఎంత ఎత్తుండాలో, ఎటు వంగాలో తెలియలేదు. చెల్లె వచ్చిన రోజు నేను చపాతీ పిండి కలుపుతున్నాను. ఒక ముద్ద తీసి పాత కత్తి పిడి ముందు అంటించి, "గట్టిగ పట్టుకో," అన్నాను. చెల్లె పట్టుకుంటే వేలు ఆనిన చోట గుంట పడి, ముందు చిన్న గోడలా లేచింది.

"రొట్టె పిండితోని కమ్మరి పని నేర్పుతున్నవా నాకు?" అన్నాడు మా ఆయన. అంటూనే ఆ పిండి గోడను ఇత్తడి ముక్క మీద ఆనించి, దాని అంచు చుట్టూ సున్నపు గీత గీసుకున్నాడు.

ముక్క కోసి, నడుమ చీలిక తీసి కొత్త కత్తికి ఎక్కించి, ఆకురాయితో రాసి నున్నగా చేశాడు. మా రొట్టెల పీట మీద వంకాయ కోసి చూశాం. బ్రహ్మాండంగా తెగింది. చెల్లె ముఖం వెలిగింది.

మరునాడు ముగ్గురం బస్సెక్కి మిర్యాలగూడ పోయాం. తీరా దుకాణంలో చేప పెట్టి కోస్తే సగమే తెగింది. మా పీట చిన్నది, అడ్డు దాని బయటే ఉండిపోయింది. చెల్లె చేపలు కోసే చెక్క మొద్దేమో వెడల్పు, పైగా ఏళ్ల తరబడి కోసి కోసి నడుమ పళ్లెంలా గుంట పడింది. అడ్డు పోయి మొద్దు అంచుకు తగులుతోంది. చెయ్యి కొలిచాం గానీ మొద్దును ఎవరం అడగలేదు.

చెల్లె కత్తి కింద పెట్టేసింది. "పోనియ్ బావా. నా రాత నాట్లే."

"ఏ, కూసో," అని మా ఆయన పదునుకు గుడ్డ చుట్టి, సంచిలోంచి ఆకురాయి తీశాడు. తక్కువ రాస్తే మొద్దుకు తగులుతుంది, ఎక్కువ రాస్తే వేలు మళ్లీ జారుతుంది. కొంచెం రాయడం, మొద్దు మీద పెట్టి చూడడం. చివరికి ఎత్తు తగ్గించి, ముందువైపు ఏటవాలుగా గీసి, లోపలివైపు వేలు కూర్చునేలా చిన్న గుంట తీశాడు. చెల్లె తన చేతికి చేప జిడ్డు పూసుకుని, గుడ్డ తియ్యకుండానే బలంగా నొక్కింది. వేలు అడ్డుకు ఆనుకుని ఆగింది. ఇంకోసారి నొక్కింది. ఆగింది.

గుడ్డ విప్పింది. మొదటి చేపను ఊపిరి బిగబట్టి కోసింది, ముక్క పూర్తిగా తెగింది. రెండోదానికి ఊపిరి వదిలింది. ఇంతలో ఒకామె వచ్చి, "గిది నిన్నటి చేప గాదా?" అంది.

"నిన్నటిదా? దాని కండ్లు సూడు, నీకంటే హుషారున్నది." తల ఆమె వైపు తిప్పి గొడవ పడుతూనే ఉంది, చెయ్యి టకటకా కోస్తూనే ఉంది.

మా ఆయన ఆకురాయి చేతిలో పట్టుకునే ముందుకు వంగాడు. "కత్తి దిక్కు సూడు పిల్లా."

"నువ్వు సూస్తున్నవ్ గద బావా," అని ఆ ముక్కలను కవర్లో వేసి, మూడో చేప అందుకుంది.