రక్తం ఇచ్చినోనిదే

సాయంత్రం ల్యాబ్ మూసే ముందు ఆనాటి రక్తం సీసాలన్నీ బ్లీచింగ్ నీళ్లలో ముంచుతాను. పనికి అమ్మాయి ఉన్నా ఈ ఒక్క పని నేనే చేస్తాను. ముంచగానే తుప్పు పట్టిన గొళ్లెం తడిసినట్టు ఒక వాసన లేచి ముక్కు మండుతుంది. మొన్న పక్క కొట్టావిడ వచ్చి, "గీ కంపుల ఎట్ల కూసుంటవే పద్మా" అని కొంగు అడ్డం పెట్టుకుంది. నాకది కంపు కాదు. ఆ వాసన రాగానే రాజేశం సార్ నా వెనకే నిలబడి గొంతు సవరించుకుంటున్నట్టు ఉంటుంది. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆయన మీద నాకున్నది గౌరవమో కోపమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

తొంభైల నడిమి సంగతి, మహారాష్ట్రలో. చంద్రపూర్‌లో వీధికో ఎస్టీడీ బూత్, మేడకో డిష్ యాంటెనా వస్తున్న రోజులు. జట్‌పురా గేట్ దగ్గర ఒక మేడ మీది ప్రైవేట్ ల్యాబ్‌లో నాకు పని దొరికింది. అక్కడ పెద్ద టెక్నీషియన్ రాజేశం సార్. వాళ్ల నాయన కూడా మా నాయనలాగే బొగ్గు బావిలో పనికని కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు. సార్ పొట్టి మనిషి. చొక్కా జేబులో మూడు పెన్నులుండేవి, రాసేది మాత్రం ఒక్కటే. నేను మరాఠీ బడిలో చదివాను, తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాదు. "తెలుగు పొల్లవై తెలుగు సదవరాదా? సిగ్గు గిట్ల లేదా?" అని, పాడైపోయిన రిపోర్టు కాగితాల వెనక నాతో అక్షరాలు దిద్దించారు. ఇప్పుడు మీరు చదువుతున్నది ఆ కాగితాల మీద నేర్చుకున్న తెలుగే. సూది గుచ్చే ముందు ఆయన అందరితో ఒకటే మాట అనేవారు, "ఏం కాదు బిడ్డా" అని. ముసలివాళ్లతోనూ అదే, ఏడ్చే పిల్లలతోనూ అదే. నొప్పి పుట్టేదాకా జనం ఆ మాటను నమ్మేవారు.

మా ల్యాబ్‌లో అప్పుడే సికిల్ సెల్ పరీక్ష మొదలుపెట్టారు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంకర పోతాయి, అమ్మానాన్నల నుంచి పిల్లలకు దిగే జబ్బు. "ఒకల చెయ్యి కుచ్చే ముందు నీ చెయ్యి కుచ్చుకోవాలె" అన్నది సార్ పద్ధతి. అందుకని మొదటి స్లైడ్ నా రక్తంతోనే, మందు చుక్క కలిపి చేశాను. గంట తర్వాత చూస్తే కణాలన్నీ వంకరలు పోయి ఉన్నాయి. నేను మందు ఎక్కువ వేశాననుకున్నాను.

"సార్, ఇవేంది గిట్లయినయ్?"

ఆయన మైక్రోస్కోపుకు కన్ను పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. "నీకు బీమారి లేదు బిడ్డా. నువ్వు మోస్తున్నవ్ గంతే. మోసెటోన్నే చేసుకుంటె మాత్రం పరేషాన్. ఇద్దరి కాడికెళ్లి పిల్లకు దిగిందనుకో, నొప్పులకు ఆ పిల్ల ఏడుస్తుంటె సూడలేం."

ఇంటికెళ్లి అమ్మకు చెబితే కొట్టిపారేసింది. "గది అడవిల ఉండెటోళ్ల బీమారి. మనం తెలుగోళ్లం, మనకెక్కడిది? మీ మిషనే ఖరాబయి ఉంటది." మళ్లీ గొంతు తగ్గించి, "ఎవలకన్న చెప్పేవు, సోయరీక్ కుదరది, పెండ్లి సంబంధమే రాదు" అని కూడా అంది. లేని జబ్బును దాచడమెందుకు అనుకున్నాను. మర్నాడు సార్‌కి చెబితే, "రక్తానికి భాష ఎరుకనా?" అని నవ్వారు.

ఒకరోజు కోర్పనా నుంచి ఒక పత్తి రైతు వచ్చి, ముందు రోజు పరీక్ష చేయించుకున్న తన కోడలి రిపోర్టు ఇమ్మన్నాడు. సార్ ఇవ్వనన్నారు. "కోడలు మాది, కాయిదం మాకియ్యవా?" అని ఆ రైతు గొంతు పెంచాడు. సార్ మాత్రం పెంచలేదు. "ఎవల చెయ్యికెళ్లి తీసుకున్ననో ఆ చెయ్యికే ఇస్త. రక్తం ఇచ్చినోనిదే." అలాంటి కాగితం ఎవరిదో చెప్పే చట్టం ఉందో లేదో మా ఇద్దరికీ తెలీదు. ఆ మేడ మీద సార్ మాటే చట్టం. దానికి ఇంకో సగం కూడా ఉండేది. "షుగర్ సూడుమని ఇచ్చిన రక్తాన్ని షుగరే అడగాలె. ఇంకోటి అడుగుడంటే ఒకలింట్ల కిటికీలకెళ్లి తొంగి సూసుడే." నేను తలూపాను. తనదాకా రానంతకాలం తలూపడానికేం, ఎవరైనా ఊపుతారు.

రెండేళ్లకు నాదాకా వచ్చింది. కోఠారి నుంచి సతీశ్ అనే అబ్బాయి సంబంధం. చూడ్డానికి వచ్చినరోజు అందరూ నా వంటల గురించి అడిగితే, అతను మాత్రం నా వేలికొసల మీది సూది గుర్తులు చూసి, "నొప్పి లేదా?" అని మెల్లగా అడిగాడు. నచ్చాడు, ఇంకేం చెప్పను. కానీ అతని రక్తం ఎలాంటిదో తెలియాలి. అడగాలంటే ముందు నా సంగతి చెప్పాలి. చెబితే వాళ్లు మా గడప మళ్లీ తొక్కరని అమ్మ పాడిన పాట చెవుల్లో ఉంది.

ఆ వారంలోనే, గనిలో ఉద్యోగానికి చేయించే పరీక్షల కోసం వచ్చిన సీసాల్లో అతని పేరు కనిపించింది. అదే ఊరు, అదే వయసు. బ్లడ్ గ్రూపు, షుగర్ చూడమని చీటీ. ఆ పని అయిపోయాక కూడా సీసాలో సగం రక్తం మిగిలే ఉంది. ఒక్క చుక్క చాలు. దేవుడే పంపాడనుకుని స్లైడ్ తీశాను. సార్ వచ్చి చీటీ మీది పేరు చూశారు.

"గా సీసా పక్కకు పెట్టు."

"ఒక్క చుక్క సార్. నా పిల్లల బతుకు."

"గా పిలగాన్ని అడుగు."

"అడిగితే ఉంటరా సార్ వాళ్లు? మీ బిడ్డయితె గిట్లనే అంటరా?"

ఆయన మొహం పాలిపోయింది. ఆయనకు పిల్లల్లేరు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గే. "ఇంటికి పో" అన్నారు. మధ్యాహ్నం మూడు కూడా కాలేదు, ఏడ్చుకుంటూ వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున సీసా ర్యాకులో లేదు. బ్లీచింగ్ బకెట్లో పేరు చెరిగిపోయి తేలుతోంది. స్లైడ్లన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. రిజిస్టర్లో షుగర్, గ్రూపు తప్ప ఇంకేమీ లేదు. సార్ నా వైపు చూడకుండా, "చేసుకో బిడ్డా. ఏం కాదు" అన్నారు.

నాకు కావలసింది ఆ మాటే కాబట్టి ఇంకేం అడగలేదు. పెళ్లి పీటల మీద కూర్చున్నాక గుర్తొచ్చింది, సూది గుచ్చే ముందు ఆయన అందరితోనూ అనేది అదే కదా! చూసి చెప్పారా, చూడకుండా చెప్పారా? చూసి ఉంటే, జీవితమంతా కాపాడుకున్న మాటను నా కోసం తప్పారు. చూడకపోతే, నా కడుపున పుట్టబోయే పిల్లల మీద జూదమాడారు. ఏది నిజం కావాలని కోరుకోవాలో కూడా నాకు తెలియలేదు.

కూతురు పుట్టింది. ఏడాది నిండాక, సతీశ్ షిఫ్టుకు వెళ్లిన పూట దాని వేలు గుచ్చి చూశాను. అన్నీ గుండ్రని కణాలే. నేలమీద కూలబడి ఏడ్చాను. కానీ అది ఆ ఒక్క పిల్ల సంగతే. రెండో పిల్లకేమవుతుందో ఆ స్లైడ్ చెప్పదు. "పొల్లకు తోడుంటె మంచిగుంటది పద్మా" అని సతీశ్ మూడేళ్లు అడిగాడు. నా ఒంట్లో బాగుండటం లేదని చెప్పాను. నమ్మాడు. డాక్టరు దగ్గరికి పోదామన్నాడు కూడా. తర్వాత అడగడం మానేశాడు.

చివరి రోజుల్లో సార్ మంచం పట్టారని తెలిసి వెళ్లాను. చెయ్యి పట్టుకుని అడిగేశాను. "సార్, ఆ రోజు చూసిండ్రా, లేదా?"

కళ్లు తెరవకుండానే అన్నారు. "ఇంక నన్నే అడుగుతున్నవా? అడగాల్సినోడు నీ ఇంట్లనే ఉన్నడు గదనే."

కోపంతో బయటికొచ్చేశాను. పోయే ముందు కూడా పాఠమేనా అనుకున్నాను. పది రోజులకు పోయారు.

ఇప్పుడు నాకు సొంత ల్యాబ్ ఉంది. ఎవరి రక్తం గుచ్చినా, ఎందుకు గుచ్చుతున్నానో వాళ్ల మొహం చూసి చెబుతాను. రిపోర్టు వాళ్ల చేతికే ఇస్తాను. అత్తమామలు, అన్నదమ్ములు ఎంతమంది తిట్టిపోయారో లెక్కలేదు. సార్ మాట నేనెప్పుడూ తప్పలేదు, ఒక్క నా ఇంట్లో తప్ప.

పోయిన నెల సతీశ్ షుగర్ పరీక్షకు వచ్చి నా ముందే చెయ్యి చాపాడు. షుగర్ లేదు. సీసాలో సగం రక్తం మిగిలింది, చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు తెలుసుకుని చేసేదేమీ లేదు. పుట్టని పిల్ల ఏ జబ్బూ లేని పిల్లే అయి ఉండేదని తెలిస్తే నేను తట్టుకోలేను. బ్లీచింగ్ నీళ్లలో ముంచేశాను. వాసన లేచింది.

"ఏమొచ్చింది పద్మా? ఏమన్న ఉన్నదా?" అని బల్ల అవతలి నుంచి అడిగాడు.

అతనివైపు చూడకుండా, "ఏం కాదు" అన్నాను.